ముమ్మిడివరం దగ్గర ఎనిమిది కిటికీలు

భవనాలకు పర్యావరణ సర్టిఫికెట్లు ఇచ్చే ఒక చిన్న సంస్థలో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. నీళ్లూ కరెంటూ ఎంత పొదుపుగా వాడుతున్నారు, గాలి ఎలా ఆడుతోంది, కట్టడానికి ఏ సామాను వాడారు అని చూసి ఒక్కొక్కదానికీ పాయింట్లు వేస్తాం. మొత్తం ఒక గీత దాటితే రేటింగు వస్తుంది. ఇన్నాళ్లూ నేను చూసినవన్నీ అద్దాల ఆఫీసులే. కోనసీమ నుంచి ఆడపిల్లల హాస్టల్ ఒకటి దరఖాస్తు పెట్టుకుందని తెలియగానే తనిఖీకి నేను వెళతానని అడిగి మరీ తీసుకున్నాను. కూల్చేసిన ఒక పాత మండువా ఇంటి టేకు కలపను ఆ హాస్టల్ తలుపులకూ కిటికీలకూ వాడారు. దానికి రేటింగు వస్తే అదే పద్ధతిలో గోదావరి మధ్య లంక ఊళ్ల పిల్లలకు రెండో హాస్టల్ కట్టిస్తామని దీన్ని కట్టించిన ట్రస్టువాళ్లు మాటిచ్చారు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. అదీ హాస్టల్ ఉండబట్టే. కాబట్టి ఆ రెండో హాస్టల్ రావాలని బండెక్కకముందే నా మనసులో ఉంది.

హైదరాబాదు రైలు ఉదయం ఆరింటికి రాజమండ్రిలో దింపింది. బస్టాండు నుంచి అమలాపురం బస్సులు తరచుగా ఉంటాయి. టికెట్టు వంద రూపాయలకు అటూ ఇటూ, ప్రయాణం రెండు గంటలు. ఎడమవైపు కూర్చుంటే జొన్నాడ దగ్గర వంతెన మీద గోదావరి చాలాసేపు కనిపిస్తుంది. రావులపాలెం, కొత్తపేట దాటి అమలాపురం చేరేసరికి తొమ్మిది కావస్తోంది. బస్టాండు ఎదురు సందులో పొట్టిక్కలు తిన్నాను. పనసాకులతో బుట్టలు కుట్టి వాటిలో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. అక్కడి నుంచి ముమ్మిడివరానికి షేర్ ఆటోలో అరగంట, ముప్ఫై రూపాయలు. హాస్టల్ ఉన్న లోపలి ఊరికి మాత్రం ఆటో మాట్లాడుకోవాలి. నేను వంద ఇచ్చాను.

"హాస్టలుకాండి? ఇప్పుడు చూడాలండి దాని సోకు!" అన్నాడు ఆటో నడిపే సత్తిబాబు. "అద్దాల కిటికీలు పెట్టేరండి. ఎవరో పెద్దాఫీసర్లు వస్తన్నారంట, హైదరాబాదు నించి."

"ఎప్పుడొస్తున్నారట?"

"ఇయ్యాలేనంటండి." అద్దంలో నన్నూ నా సంచినీ చూసి ఆటో నెమ్మది చేశాడు. "కొంపదీసి మీరేనాండీ?"

"నేనే."

"ఆయ్! కారులో వస్తారనుకున్నామండి."

అతను నవ్వాడు. నేను సంచిలోంచి కాగితాలు తీసి చూశాను. దరఖాస్తులో అద్దాల కిటికీల మాటే లేదు.

హాస్టల్ గేటు దగ్గర వార్డెన్ సువార్తమ్మ టీచరుగారు కొబ్బరి బోండాంతో నిలబడి ఉన్నారు. బడిలో రిటైరయ్యాక ఈ హాస్టల్ బాధ్యత తీసుకున్నారట. ఆమె వెనక, రోడ్డువైపు గోడ నిండా, అల్యూమినియం ఫ్రేముల్లో మెరుస్తున్న ఎనిమిది స్లైడింగ్ కిటికీలు.

"టీచరుగారూ, టేకు కిటికీలు ఏమయ్యాయండీ?"

"తీయించేసేమమ్మా. మీరొస్తన్నారని హాస్టల్ కమిటీవాళ్లు తలో చెయ్యీ వేసి కొత్తవి పెట్టించేరు. బాగున్నాయా?"

లోపలికి వెళ్లి లెక్క వేశాను. మంచి కలపంతా ముందువైపు కిటికీల్లోనే ఉండేది. అవి లేకపోతే పాత సామాను మళ్లీ వాడినందుకు ఇచ్చే పాయింట్లు పోతాయి, భవనం గీత దాటదు. పైగా స్లైడింగ్ కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది; గాలికి ఇచ్చే పాయింటూ తగ్గుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. టీచరుగారు కుర్చీలో కూర్చుండిపోయారు.

"కొత్తవి పెడితే మార్కులు తీసేసే పరీక్ష ఎక్కడైనా ఉందామ్మా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "పోయిన నెల మేం పంపిన ఫొటోలు మీ దగ్గర ఉన్నాయిగా. అవే పెట్టేస్తే? కిటికీలు ఎక్కడికీ పోలేదు, కొబ్బరి పాకలో ఉన్నాయి" అన్నారు.

అవును, ఫొటోలు ఉన్నాయి. అవి నివేదికకు జతచేస్తే ఎవరూ అడగరు. నేను చదివిన హాస్టల్లో తనిఖీ రోజు ఉదయం మంచాల మీద కొత్త దుప్పట్లు పరిచి, సాయంత్రం మడతపెట్టి తీసుకుపోయేవారు. మమ్మల్ని చూడ్డానికి వచ్చినవాళ్లు ఒక్కసారీ మా అసలు దుప్పట్లు చూడలేదు. ఇప్పుడు రాసే మనిషిని నేను.

"ఈ రోజు నా కళ్లకు కనిపించిందే రాయాలండీ" అన్నాను. అలా అనడం నాకు తేలికగా లేదు.

ఆమె కోపగించుకోలేదు. "మా అమ్మ ఆ మండువా ఇంట్లో వడ్లు దంచేదమ్మా. ఈ కిటికీల్ని చిన్నప్పుడు నేను పెరట్లోంచి చూసేదాన్ని. ఎవరో వాడి పారేసినవి ఈ పిల్లలకిచ్చేరని మీరు అనుకుంటారేమోనని..." అన్నారు. తర్వాత లేచి వడ్రంగి వీర్రాజుగారికి ఫోను చేశారు.

వీర్రాజుగారు పదకొండున్నరకు సైకిలు మీద వచ్చారు. "నే చెప్పలేదాండీ?" అన్నారు వస్తూనే. "టేకు తీసి రేకు పెడతారా అన్నాను. ముసలోడికేం తెల్సన్నారు."

"ఎవరూ అన్లేదు బాబాయిగారూ" అన్నారు టీచరుగారు.

"మీరనలేదండి, కమిటీ ప్రెసిడెంటుగారన్నారు. ఆయన్నిప్పుడు రమ్మనండి, ఈ కిటికీ రెక్క పట్టుకోడానికి మనిషి కావాలి."

అదృష్టం ఏమిటంటే పాత ఫ్రేములు గోడలోనే ఉంచి, వాటి మీదే అల్యూమినియం బిగించారు. దాన్ని విప్పి, కిటికీ రెక్కలకు మళ్లీ మడతబందులు బిగిస్తే చాలు. అయినా ఒక్కొక్కదానికీ గంటన్నర పట్టింది. మధ్యలో వంటామె పనసపొట్టు కూర, పెసరపప్పు చారు పెట్టింది. నేను రెక్కలు పట్టుకున్నాను, టీచరుగారు మేకులు అందించారు. అయిదింటికి మూడు కిటికీలు పూర్తయ్యాయి. నా బస్సు అయిదున్నరకు.

"మిగతా అయిదూ రేపు సాయంత్రానికి ఐపోతాయండి. ఎనిమిదీ అని రాసేసుకోండి" అన్నారు వీర్రాజుగారు. టీచరుగారు ఆయన వైపు చూసి తల అడ్డంగా ఆడించారు. "మూడే రాయమ్మా" అన్నారు నాతో.

మూడే రాశాను. ఆ లెక్కతో భవనం గీత దాటలేదు. మరోసారి తనిఖీకి అవకాశం ఇవ్వాలని సిఫారసు చేస్తూ, ఆ తనిఖీకి నన్ను కాక వేరేవాళ్లను పంపమని కూడా రాశాను. రెక్కలు పట్టుకున్న చేత్తో పాయింట్లు వేయడం సరికాదనిపించింది.

గత వారం ఆఫీసు నుంచి వేరే ఆయన వెళ్లి ఎనిమిదీ చూసి వచ్చారు. రేటింగు ఖాయమైంది, రెండో హాస్టల్‌కు స్థలం చూస్తున్నారు. అల్యూమినియం కిటికీలు ప్రెసిడెంటుగారి ఇంటికి చేరాయట. నిన్న టీచరుగారు ఫోను చేసి, "సర్టిఫికెట్టు పలక పంపుతారంటగా, అది వచ్చేలోగా ముందు గోడ కొట్టించి గ్రానైటు వేయిద్దామంటన్నారమ్మా కమిటీవాళ్లు" అన్నారు. నవ్వు ఆపుకుని, "వద్దండీ, సున్నం వేయించండి చాలు" అన్నాను. తర్వాత ఆలోచించాను. వచ్చేవాళ్ల ముందు తమ పిల్లలు తక్కువగా కనిపించకూడదన్న తపనే ఆ కొత్త కిటికీలు పెట్టించింది. మూడే రాయమన్న టీచరుగారి నిజాయితీలో ఉన్నదీ ఆ తపనే. మా పాయింట్ల పట్టిక ఆ తపనను తప్పుగా లెక్కగట్టింది, ఆ నిజాయితీని అసలు అడగలేదు. నా పనిలో ఇక ముందు ఆ రెండింటినీ చూడటం నేర్చుకోవాలి.

ఇలాంటి కట్టడాలు చూడ్డానికి కోనసీమ వెళ్లేవారికి ఒక్క సలహా: ముందుగా ఫోను చేసి వెళ్లడం మర్యాదే, చేయండి. కానీ అదే ఫోనులో, "మా కోసం ఏదీ మార్చకండి, మీ ఇల్లు రోజూ ఎలా ఉంటుందో అలాగే చూడాలని వస్తున్నాం" అని కూడా చెప్పండి. రెండుసార్లు చెప్పండి.