పైడమ్మ చెయ్యి చెడలేదు

“నా సెయ్యే సెడిపోనాదప్పా. ఈ సేప దవడ నీకాడుంచు. పాప రాట్నం పడితే ఇయ్యి.”

“అలగేలే. పడుకో.”

నా తోటికోడలు పైడమ్మకూ నాకూ మధ్య ఆఖరి మాటలు ఇవే. తెల్లారేసరికి ఆమె ప్రాణం పోయింది. నిజం చెప్పాల్సిన చోట నేనన్న ఆ ‘అలగేలే’ను ఇన్నేళ్లుగా మోస్తున్నాను.

నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది పైడమ్మ కూతురే. రాయవే అమ్మా, ఆపకు.

మా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతాం. ఆ సన్నపళ్లకే పత్తి మెత్తగా సాగుతుంది. మా అత్త దువ్వే దవడ ఆమె చేతిలో అరిగి అరిగి నున్నగా మెరిసేది. పెద్దకోడలిని కదా, నాకే వస్తుందనుకున్నాను. నా మొగుడు పోయిన ఏడే చూపు మందగించింది. ముట్టు నిలిచిపోయింది. ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలెత్తేది, ఊరికే ఏడుపొచ్చేది. రాట్నం ముందు కూర్చుంటే పోగు తెగేది. అత్త చూసి చూసి, ఆ దవడ తీసుకెళ్లి పైడమ్మ ఒళ్లో పెట్టింది.

“నీకింక పోగెక్కడ అగుపడతాదే. దీనికుండనీ,” అంది నాతో.

పైడమ్మ అప్పుడు కడుపుతో ఉంది. చేతుల నిండా గాజులు. అవి గలగలమంటుంటే నన్ను వెక్కిరించడానికే అనిపించేది. ఆమె ఎప్పుడైనా వెక్కిరించిందా? లేదు. కూరలో మంచి ముక్క ముందు నా కంచంలోనే వేసేది. జాలిపడుతోందని అందుకూ మండిపోయాను.

ఒక మధ్యాహ్నం ఆమె ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ దవడ తీసి రోటి అంచుకు రుద్దాను. పళ్లు విరిస్తే తెలిసిపోతుంది. అందుకే మెల్లగా, కొనలు గరుకెక్కేదాకా. నా చెయ్యి వణకలేదు. అదే నాకిప్పటికీ భయం.

గరుకు పళ్లకు పత్తి చిట్లి, ఆమె పోగూ తెగడం మొదలైంది. అత్త ఇచ్చిన దవడను మా ఇంట్లో ఎవరు అనుమానిస్తారు? తన చేతినే తిట్టుకుంది. కాన్పయ్యాకా తెగుతుంటే, నరాలు సడలాయేమో అని తనే అంటే, అవునన్నాను. కొత్తది కొందామని మరిది అంటే, అత్త చేతిది ఉండగా ఎందుకని అడ్డుపడింది నేనే. చివరికి రాట్నం అటకెక్కించి, రొయ్యలు ఒలిచే పనికి పోయింది. అంత సన్ననూలు తీసిన వేళ్లు ఐసునీళ్లలో నానిపోయాయి. నాకు సంతోషమేసిందా? వేసింది. కొన్నాళ్లు. ఆ తర్వాత ఇంట్లో రాట్నం చప్పుడే లేదు, నాదీ లేదు, ఆమెదీ లేదు.

నిన్న నువ్వొచ్చి, “అమ్మ దవడ ఇయ్యి పెద్దమ్మా, వడకడం నేర్సుకుంతాను,” అన్నావు. ఇస్తే నీ పోగూ తెగుతుంది. నువ్వూ నీ చేతినే తిట్టుకుంటావు. అందుకు మాత్రం నోరు మూసుకుని ఉండలేకపోయాను.

క్షమించమని అడగను. ఆమె బతికి ఉంటే ఆమెనైనా అడిగేదాన్నా? ఏమో. చెప్పేశాను, అంతే. గుండె బరువు కాస్త దిగింది.

కలం కింద పెట్టేశావేం? నా మొహం చూడకపోయినా ఫరవాలేదు. కాగితం చూడు. మొదటినుంచి, ఒక్క మాట మింగకుండా, గట్టిగా చదివి వినిపించవే.