సొట్ట పడని బంపరు

పోయిన నెలలో మా మేనమామ పోయాడు. ఆ కబురు నాకు రెండు ఫోన్లలో వచ్చింది.

మొదటిది పొద్దున, నేను బడిలో హాజరు తీసుకుంటుండగా వచ్చింది. "వదినా, నాన్న కల్వర్టు గోడకి గుద్దాడు. బండికేం కాలేదు" అన్నాడు మామయ్య కొడుకు. "మనిషికో?" అని అరిచాను. పిల్లలంతా పలకల్లోంచి తలెత్తి చూశారు. "బానే ఉన్నాడు వదినా. దిగాడు, మంచినీళ్లు తాగాడు. బంపరు చూపించి నవ్వుతున్నాడు కూడా" అన్నాడు వాడు. రెండోది మధ్యాహ్నం భోజనాల గంట కొట్టాక వచ్చింది. ఈసారి వాడు మాట్లాడలేకపోతే పక్కనెవరో ఫోను అందుకుని చెప్పారు. ఛాతీ లోపల రక్తం కారిపోయిందట. విజయవాడ తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను, చెప్పడానికి బోలెడంత ఉంది. కానీ నాకు ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే ఈ నాలుగు ముక్కలూ ఎప్పటికీ రాయలేను. అందుకని రెండూ కలిపే రాస్తున్నాను.

మామయ్యది పికప్ వ్యాను. రెడ్డిగూడెం, తిరువూరు చుట్టుపక్కల తోటల నుంచి మామిడికాయ విజయవాడ మార్కెట్టుకి తోలేవాడు. కాయ లేని రోజుల్లో పత్తి, వడ్లు, పెళ్లివారి సామాను, ఏదైతే అది. చర్చిలో పాట మొదలైతే అందరికంటే ముందు ఎత్తుకుని, అందరికంటే ఆలస్యంగా ముగించేవాడు. శ్రుతి గురించి ఎవరైనా మాట్లాడితే, "ఆయన వింటున్నాడు, నీకెందుకూ?" అని పైకి చూపించేవాడు. మా ఇంటికి వస్తే ఎప్పుడూ వట్టి చేతుల్తో రాలేదు. సీటు వెనక గడ్డిలో దాచిన రెండు కాయలు తీసి మా అమ్మ చేతిలో పెట్టి, "అక్కా, ఇవి మార్కెట్టు చూడని కాయలు" అనేవాడు.

నాకు బండి నేర్పింది కూడా ఆయనే. మా వైపు ఆడపిల్లలెవరూ స్టీరింగు పట్టని రోజులవి. కోత అయిపోయిన వరిచేలో నన్ను కూర్చోబెట్టి, తను గట్టు మీద గొంతుక్కూర్చుని అరిచేవాడు. "బ్రేకు కాలితో కాదే అమ్మాయ్, కళ్లతో వెయ్యాలి! ముందు చూడు, తర్వాత తొక్కు!" నేను రెండుసార్లు గట్టెక్కించినా ఒక్క తిట్టు తిట్టలేదు. "నేలకేం కాదులే, బండికేం కాదులే, నువ్వు భయపడమాకు" అన్నాడు. ఇవాళ నేను రోజూ బండి నడుపుకుంటూ బడికి వెళ్తున్నానంటే అది ఆయన చలవే. ఎక్కగానే బెల్టు పెట్టుకుంటాను. అది మాత్రం ఆయన నేర్పింది కాదు.

ఇక ఆ బంపరు సంగతి. మీరూ చూసే ఉంటారు ఇలాంటివి. బండితోపాటు కంపెనీవాళ్లిచ్చిన బంపరు సరిపోదని, వెల్డింగు షాపులో లావుపాటి ఇనుప గొట్టాలు వంచి, మధ్యలో రేకు అతికించి, బండి ముందు బిగిస్తారు. మామయ్యది పసుపు, నలుపు చారలది. ఆయన వ్యాన్లు మార్చాడు గానీ బంపరు మార్చలేదు. పాతది అమ్మేముందు దాన్ని ఊడదీసి కొత్తదానికి బిగించేవాడు. రోజూ పొద్దున్నే పాత లుంగీ గుడ్డతో దాన్నే ముందు తుడిచేవాడు, అద్దం సంగతి తర్వాత. దాని మీదే తువాలు ఆరేసుకునేవాడు, టీ గ్లాసు పెట్టుకునేవాడు.

ఈ మధ్య కొన్న వ్యానుకి ప్రార్థన చేయించినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. పాస్టరుగారు బానెట్టు మీద చెయ్యి పెట్టబోతుంటే, "అక్కడ కాదయ్యగారూ, బంపరు మీద పెట్టండి" అన్నాడు. పాస్టరుగారు నవ్వి, "దేవుడి చెయ్యి బండంతటి మీదా ఉంటుందండీ" అన్నారు. "ఉంటుందిలెండి, మీ చెయ్యి మాత్రం ఇక్కడ పెట్టండి" అన్నాడు మామయ్య. పెట్టించుకునేదాకా వదల్లేదు.

ఆ వ్యాను కొన్నప్పుడు షోరూము అబ్బాయి పాపం నెమ్మదిగానే చెప్పాడు. ముందు భాగం నలగడానికే అలా చేస్తారండీ, అది నలిగితే దెబ్బలో కొంత అక్కడే ఆగుతుంది, మీ దాకా పూర్తిగా రాదు అన్నాడు. ఇనుము బిగిస్తే స్టీరింగులోని బెలూను సమయానికి విచ్చుకోకపోవచ్చు అన్నాడు. పోలీసులు ఫైను వేస్తారనీ చెప్పాడు. మామయ్య అంతా విని, వాళ్లిచ్చిన కూల్‌డ్రింకు తాగి, తిన్నగా వెల్డింగు షాపుకి పోయాడు. ఫైను పడిన రోజు రసీదు తెచ్చి బంపరుకే చూపించి, "నీ ఖర్చేరా ఇది" అన్నాడు. నవ్వాలో తల బాదుకోవాలో నాకు తెలియలేదు.

ఆయన నమ్మకం ఊరికే పుట్టింది కాదు, అదీ ఒప్పుకోవాలి. నెమలి అనే ఊరి తిరునాళ్లలో ఒక ట్రాక్టరు వెనక్కి వచ్చి గుద్దితే దాని ట్రక్కు తలుపు వంగింది గానీ ఈయన లైటు కూడా పగల్లేదు. రెడ్డిగూడెం రోడ్డులో గేదెదూడ అడ్డమొచ్చినప్పుడు రేడియేటరుకి దెబ్బ తగల్లేదు. చిన్న దెబ్బలకి ఆ ఇనుము పనికొచ్చింది, కాదనను. ఆ చిన్న దెబ్బలే కొంప ముంచాయి. ఒక్కొక్కటి తప్పించుకున్నకొద్దీ ఆయనకి నమ్మకం పెరుగుతూ పోయింది. ఆ దూడ మాత్రం బతకలేదు. దాని తల ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాడట, రైతు వచ్చేదాకా కదల్లేదట. ఇంటికొచ్చి అన్నం తినలేదని అత్తయ్య చెప్పింది. అంత మెత్తటి మనిషి మర్నాడు పొద్దున్నే లేచి బంపరు తుడుచుకుంటూ, "చూశావా, గీత కూడా పడలేదు" అన్నాడు. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బెల్టు పెట్టుకోమంటే, "ముందు ఇంత గోడ పెట్టుకుని మళ్లీ ఈ నాడా ఎందుకే?" అనేవాడు. సీటు బెల్టుకి ఆయన పెట్టిన పేరు నాడా. లాగూ జారిపోయేవాళ్లకి కావాలి గానీ నాకెందుకు అని అందరి ముందూ నవ్వించేవాడు. నేను చెప్పి చెప్పి విసిగిపోయాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో ఏం వాదిస్తాం?

అయినా ఒకసారి ఆయన దారిలోనే వెళ్లి పట్టుకుందామనుకున్నాను. కాయ ఎక్కించేటప్పుడు కూలీల మీద ఎప్పుడూ ఒకటే కేక వేసేవాడు. "పెట్టె గట్టిదైతే సరిపోదురా! అడుగున గడ్డి, పైన గడ్డి, పక్కన గడ్డి. దెబ్బ గడ్డి తినాలి గానీ కాయ తినకూడదు!" దెబ్బ తగిలిన కాయ ఆ రోజు చూస్తే నవనవలాడుతూనే ఉంటుందని, మర్నాడో మూడోనాడో లోపల నల్లబడుతుందని నాకు చెప్పింది కూడా ఆయనే. అందుకే ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి అందరం వాళ్లింట్లో భోజనాలకి కూర్చున్నప్పుడు, దోరగా పండిన బంగినపల్లి కాయొకటి తెచ్చి స్టీలు డబ్బాలో పెట్టి, మూత బిగించి, డాబా మెట్ల మీదనుంచి కింద పడేశాను.

"ఇదిగో నీ బండి, లోపలున్నది నువ్వు" అన్నాను.

మామయ్య తాపీగా వెళ్లి డబ్బా తీశాడు. దానికి సొట్ట లేదు. మూత తీసి కాయని అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అందరికీ చూపించాడు. పైకి ఏమీ లేదు.

"ఏం టీచరమ్మా, కాయకేమైంది? డబ్బా గట్టిదైతే కాయకేం భయం?"

"రేపు కోసి చూద్దాం, అప్పుడు మాట్లాడు" అన్నాను ఉక్రోషంగా.

మర్నాడు బడి అయ్యాక పనిగట్టుకుని వెళ్లాను. "తినేశానే! తేనె అనుకో!" అని పెదాలు చప్పరించాడు. ఇంకేముంది, అది మా ఇళ్లల్లో కథైపోయింది. పెళ్లిలో, పురుట్లో, ఎక్కడ కలిసినా, "మా మేనకోడలు డాబా మీదనుంచి పడేసిన కాయ తేనెలా ఉంది" అని చెప్పడం, జనం నవ్వడం. నేనూ చివరికి నవ్వడం నేర్చుకున్నాను. ఏం చేయను మరి?

ఆ చివరి రోజు తోటకి ఖాళీ బండితో వెళ్తున్నాడు. డొంకలోంచి ఎవరో కుర్రాడు బైకు మీద చటుక్కున రోడ్డెక్కితే వాణ్ని తప్పించాడు. నేను చెప్పుకోవాల్సిన మంచిలో ఇది అన్నిటికంటే పెద్దది. వాడు క్షేమంగా ఇంటికి పోయాడు. ఈయన కల్వర్టు గోడకి కొట్టాడు. అంత స్పీడు కూడా లేదట. గోడ ఇటుకలు రాలాయి, బంపరు రాలలేదు, వంగలేదు. గోడా వంగక, ఇనుమూ వంగక, ఆ దెబ్బంతా వెళ్లి స్టీరింగు మీద పడిన ఆయన ఛాతీలో ఆగింది. బెలూను విచ్చుకోలేదు. బంపరు వల్లో, నాడా పెట్టుకోకపోవడం వల్లో, రెండూ కలిసో నేను చెప్పలేను. పైకి మాత్రం ఏమీ లేదు. నవ్వాడు, నీళ్లు తాగాడు.

మట్టి చేసిన రోజు నేను విన్న మాటలు చెబితే మీకూ ఒళ్లు మండుతుంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు ముందు శవాన్ని చూసి, తర్వాత వెళ్లి వ్యాను చూశారు. "బంపరు గట్టిది కాబట్టి బండన్నా దక్కింది" అన్నాడొక పెద్దమనిషి. బండి దక్కిందట! ఇంకొకాయన ఫోనులో ఫొటో తీసుకుని నా దగ్గరికే వచ్చి, "ఇది ఏ షాపులో చేయించారమ్మా?" అని అడిగాడు. అక్కడ పెట్టెకి మేకులు కొడుతున్నారు. నేను ఏమన్నానో ఇక్కడ రాయను, ఆయన మళ్లీ నా వైపు రాలేదు.

ఆదరణ కూడిక ప్రార్థనలు అయిపోయి, బంధువులు వెళ్లిపోయాక, మామయ్య కొడుకు నెమ్మదిగా అన్నాడు. "సోమవారం నుంచి బండి తీస్తాను వదినా. తోటలవాళ్లు ఫోన్లు చేస్తున్నారు. కాయ ఆగదు కదా."

"తియ్యి. ఆ ఇనుము ఊడదీసి తియ్యి" అన్నాను.

"అది నాన్న గుర్తు వదినా. రోజూ తుడుచుకునేవాడు. నిన్ననే పెయింటు కూడా వేయించాను. అయినా సెంటిమెంటు. ఇన్నేళ్లూ కాపాడింది."

"ఎవర్నిరా కాపాడింది? మీ నాన్నేడీ?"

వాడికీ కోపమొచ్చింది. "మొదట్నుంచీ నీకు దాని మీద పగ. నాన్నతో వాదించి ఓడిపోయావని! ఆ రోజు డాబా మీదనుంచి పడేసినా కాయకేమైంది? తేనెలా ఉందని నాన్న చెప్పలేదా?"

మనిషి మట్టిలో కలిసినా ఆ మామిడికాయ మాత్రం నా మీద గెలుస్తూనే ఉంది. ఇదే బండి, ఇదే ఇనుము, ఇదే దారి. ఇక వీడు.

"నల్లబడింది."

అత్తయ్య. వారం పైగా ఎవరితోనూ మాట్లాడని మనిషి. గడప దగ్గర గోడకి ఆనుకుని కూర్చుని, మావైపు చూడకుండానే చెప్పింది.

"ఆ కాయ కోసింది నేనేరా. ఒక పక్కంతా టెంక దాకా నల్లగా ఉంది. తినలేదు, ఏమీ లేదు. గేదెకి వేసొచ్చారు. ‘అమ్మాయికి చెప్పమాకు’ అన్నారు."

"ఎందుకత్తయ్యా?" అన్నాను.

"‘అది టీచరు. ఒక్కసారి గెలిచిందంటే ఇక నన్ను బతకనివ్వదు’ అన్నారు నవ్వుతా."

ఆయనకి తెలుసన్నమాట. ఇన్నాళ్లూ మొండివాడు, తెలియక చేశాడని సరిపెట్టుకున్నాను. తెలుసు. కాయ కళ్లారా చూసి, గేదెకి వేసి, చేతులు కడుక్కుని వచ్చి నన్ను చూసి పెదాలు చప్పరించాడు. అప్పటికప్పుడు చొక్కా పట్టుకుని నిలదీయాలనిపించింది, "ఒక్క మాట ఒప్పుకుంటే ఏం పోయేది మామయ్యా?" అని. నిలదీయడానికి మనిషేడీ? నేను గెలిచాను. ఈ గెలుపు ఎవరికి కావాలి?

మామయ్య కొడుకు లేచి బయటికి వెళ్లాడు. కాసేపటికి పానా చప్పుడు వినిపించింది. పెయింటు మీద పెయింటు పడి బోల్టులు బిగుసుకుపోయి ఉన్నాయి, రావడం లేదు. తర్వాత సుత్తి చప్పుడు మొదలైంది. అత్తయ్య ఒక్కొక్క దెబ్బకీ కళ్లు మూసుకుంది గానీ ఆపమనలేదు.

సోమవారం పొద్దున బడికి వెళ్తూ అటు ఆగాను. బంపరు తీసేసిన వ్యాను మీసం గీసేసుకున్న మనిషిలా వెలవెలబోతూ ఉంది. వాడు ఎక్కాడు, నావైపు చూడకుండా బెల్టు లాగి పెట్టుకున్నాడు, వెళ్లిపోయాడు. ఇనుము మాత్రం ప్రహరీ గోడకి ఆనించి ఉంది. దాని మీద మామయ్య తువాలు, అత్తయ్య ఉతికి ఆరేసింది.

తువాలు పక్కకి జరిపి, గొట్టం ఈ చివర నుంచి ఆ చివర దాకా చేత్తో తడిమి చూశాను. గోడకి తగిలిన చోటు ఎక్కడో తెలుస్తుందేమోనని ఇంకోసారి తడిమాను. కొత్త పెయింటు నున్నగా ఉంది. ఒక్క సొట్ట ఉన్నా బాగుండేది.