గోంగూరకి నెత్తళ్ళ కాపలా

నేనెప్పుడూ ఏదీ రాయలేదండి. ఐదో తరగతితో ఆపేశాను. ఆ తర్వాత రాసినవంటే సరుకుల చీటీలే. కానీ మొన్న ఆదివారం చర్చిలో నా గోంగూర చేసిన గోలకి ఫోన్ల మీద ఫోన్లు. పాస్టరమ్మగారైతే, "మీరు నోటితో ఎలాగూ చెప్పరు, మన ఆడవాళ్ళ గ్రూపులో రాసైనా పెట్టండి సిస్టర్" అన్నారు. సరే, రాస్తున్నా. నవ్వొస్తే నవ్వుకోండి. నాకైతే ఏడవడానికి కూడా ఓపిక లేదు.

మాది అమెరికాలో, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్. మా ఆయన కారు పార్టుల కంపెనీలో మిషన్ మీద పని చేస్తారు. ఇంటి వెనకాల చెట్లు, చెట్ల వెనకాల జింకలు. వచ్చిన కొత్తలో వాటిని కిటికీలోంచి చూసి ఎంత మురిసిపోయానో! వీడియో కాల్‌లో మా చెల్లెలికి కూడా చూపించా. ఇప్పుడు వాటి తోక కనబడితే చాలు, నాకు బీపీ.

ఎందుకంటే, ఈ ఏడు కోత పండక్కి గోంగూర ఇస్తానని మాటిచ్చా. కొత్తగా చేరినవాళ్ళకి తెలీదేమో, కోత పండగంటే ఎవరి పంటలో తొలిభాగం వాళ్ళు దేవుడికి తెస్తే, దాన్ని వేలం పాడి ఆ సొమ్ము చర్చికి ఇస్తారు. ఇక్కడ అందరికీ ఉద్యోగాలే, పంటలెక్కడివి? కొట్లో కొన్న గుమ్మడికాయలే తెస్తారు. నేనైతే ప్రతి ఏడూ వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చేదాన్ని. అందరూ లేచి, దేవుడు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్తారు. నాకు మైకు చూస్తేనే నాలుక అంటుకుపోతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. అందుకే అనుకున్నా, నోరు లేకపోతేనేం, చేతులున్నాయిగా, నా చేత్తో పెంచిందే ఇస్తానని.

ఎండాకాలంలో మొక్కలు మోకాలెత్తు వచ్చాయో లేదో, జింకలు చిగుళ్ళన్నీ కొరికేశాయి. పాపం మళ్ళీ చిగిర్చాయి. ఈసారి మా ఊళ్ళో అడవి పందులు రాకుండా పొలం చుట్టూ కట్టినట్టే, పాత చీరలన్నీ తీసి మడి చుట్టూ కట్టేశా. పక్కింటి అమెరికన్ ముసలావిడ తన పెరట్లోంచి చూసి, "బ్యూటిఫుల్! ఫెస్టివలా?" అంది. ఏం చెప్పాలో తెలీక "యస్, యస్" అన్నా. మర్నాడు కుకీలు తెచ్చి "హ్యాపీ ఫెస్టివల్" అని చేతిలో పెట్టింది! జింకలు కూడా పండగే అనుకున్నట్టున్నాయి. చీర కిందనుంచి తల దూర్చి, ఒక వరస భోంచేసి వెళ్ళాయి.

ఇంక పండగ దగ్గరపడింది. మా అమ్మాయి షారోన్ నన్ను షాపుకి తీసుకెళ్ళి జింకలు రాకుండా కొట్టే మందు సీసా చూపించింది. మీద రాసింది చదివి, "మమ్మీ, దీన్లో రాటెన్ ఎగ్స్, గార్లిక్, ఫిష్ ఉంది" అంది.

"అంతేనా? అవన్నీ మనింట్లోనే ఉన్నాయి కదే!"

"మమ్మీ, నో. ప్లీజ్ నో."

వింటానా? శుక్రవారం సాయంత్రం గరాజ్‌లో మూడు కవర్లలో చుట్టి దాచిన ఎండు నెత్తళ్ళ చేపలు తీశా. నానబెట్టి, వెల్లుల్లి, కారం, గుడ్లు వేసి పాత మిక్సీలో రుబ్బి, వడగట్టి, మొక్క మొక్కకీ తడిసేలా కొట్టా. వడగట్టాక బోలెడంత పిప్పి మిగిలింది. పారేయబుద్ధి కాలేదండి. మా అమ్మ చేపలు కడిగిన నీళ్ళు కూడా సొరపాదుకే పోసేది. ఎరువవుతుంది కదా అని ఆ పిప్పి మొక్కల మొదట్లో పూడ్చిపెట్టా. మూలనున్న ఒక పీల మొక్క దగ్గరికొచ్చేసరికి మందూ అయిపోయింది, పిప్పీ అయిపోయింది. పోనీలే అని వదిలేశా.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి కారు దిగుతూనే ముక్కు మూసుకున్నారు. "ఏమే, నేను ఇంటికొచ్చానా, చేపల రేవుకొచ్చానా?"

"జింకలు పోవడానికండీ."

"జింకల సంగతేమో గానీ, నేను పోయేలా ఉన్నా."

కానీ పనిచేసిందండీ! శనివారం పొద్దున్న ఒక జింక వచ్చి, మూతి పెట్టి, తల విదిలించి చెట్లలోకి పారిపోయింది. నా అంత తెలివైనది ఈ మిషిగన్‌లోనే లేదనుకున్నా.

ఆ సంబరం సాయంత్రం దాకే. చీకటి పడుతుండగా వెనకాల గరగరమని తవ్వుతున్న చప్పుడు. వెళ్ళి చూద్దును కదా, కళ్ళకి నల్ల గంతలు కట్టుకున్నట్టున్న జంతువులు, తల్లీ పిల్లలూ, కుటుంబమంతా కూర్చుని రెండు చేతులా తవ్వుకుని నెత్తళ్ళ పిప్పి తింటున్నాయి! మొక్కలన్నీ వేళ్ళతో సహా బయటపడి ఉన్నాయి. చీపురెత్తి "ఛీ, పో" అన్నా. తల్లి లేచి నిలబడి, "భోజనాల దగ్గర ఏంటీ గొడవ" అన్నట్టు చూసింది. నేనే లోపలికి పరిగెత్తా. వాటిని రకూన్లంటారని షారోన్ చెప్పింది. "ఐ టోల్డ్ యూ" అని కూడా చెప్పింది.

అవి వెళ్ళాక పడిపోయిన మొక్కలన్నీ ఏరుకొచ్చి ఆకు కోసి, ఉప్పు, పసుపు వేసి బాత్‌టబ్‌లో కడిగా. మళ్ళీ కడిగా. మళ్ళీ. ఆకు బాగానే ఉంది, వాసనే పోదే! మా ఆయనకి జాలేసింది. "ఇండియన్ స్టోర్లో నాలుగు కట్టలు కొనిచ్చెయ్యవే. ఎవరికి తెలుస్తుంది?"

"దేవుడికి తెలీదా?"

"ఆయనకి ఈ వాసన కూడా తెలుస్తుందే!"

అయినా నాదే తీసుకెళ్ళా. చర్చికి వెళ్ళేదాకా కారు అద్దాలు దించే ఉన్నాయి.

వేలంలో శామ్యూల్ బ్రదర్ నా కట్ట పైకెత్తి, "సిస్టర్‌గారు స్వయంగా పండించిన..." అంటూ ఆగిపోయారు. ఒకసారి వాసన చూశారు. మైకులోనే, "ఎండు చేపల వాసనొస్తోందేంటండీ?" అనేశారు! హాలంతా నావైపు తిరిగింది. నేల చీలితే బాగుండుననుకున్నా.

అంతలో ముందు వరసలోంచి ప్రభాకరంగారు, నిజాంపట్నం రేవు పెద్దాయన, లేచి నిలబడ్డారు. "గోంగూరా, నెత్తళ్ళూ ఒకే కట్టలోనా! ఇది మన సముద్రం గోంగూరయ్యా! పాట మొదలెట్టండి, నేను పాడతా!" ఇంకెవరో పోటీకొచ్చారు. ఆయన వదల్లేదు. ఆ రోజు అన్నిటికంటే ఎక్కువ ధర దానికే పలికింది. అందరూ చప్పట్లు. "సాక్ష్యం చెప్పాలి, సిస్టర్ సాక్ష్యం చెప్పాలి!" అని మైకు తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఇన్నేళ్ళకి లేచి నిలబడ్డా. ప్రభాకరంగారు ఆ కట్టని ముక్కు దగ్గర పెట్టుకుని ఆనందపడుతున్నారు. నా నోట్లోంచి వచ్చింది ఒక్కటే మాట.

"అన్నయ్యగారూ, బాగా కడుక్కుని తినండి."

ఆ నవ్వులు ఇంకా వినబడుతున్నాయి.

మర్నాడు పొద్దున్నే చీరలు విప్పుదామని పెరట్లోకి వెళ్ళా. గుంతల మధ్య మూలనున్న ఆ పీల మొక్క ఒక్కటే మిగిలింది. దాని దగ్గర జింక. నన్ను చూసి ఆగింది, మూతి దగ్గర ఆకు పెట్టుకుని. చీపురు తేవడానికి ఓపిక లేక మెట్టు మీద కూర్చుండిపోయా.

"తినవే తల్లీ," అన్నా. "దానికి మందు కొట్టలేదులే, కడగక్కర్లేదు."