కౌసల్య కోయనివ్వని గడ్డి

మా ఊళ్లో రైతు ఎలాంటివాడో అతని గట్టు చూసి చెప్పేస్తారు. గట్టు నున్నగా చెక్కి ఉంటే పనిమంతుడు, గడ్డి పెరిగితే సోమరిపోతు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గర నా పత్తిచేను వాగులోకి దిగేచోట నడుమెత్తు గడ్డి ఉంటుంది. వట్టివేరు, తుంగ, మధ్యమధ్యలో తంగేడు, గునుగు. దారిన పోయేవాళ్లు చూసి, పెంటయ్యకు ఒళ్లు వంగదు అనుకుంటారు. ఖర్మ! ఆ గడ్డి నాది కాదు, నా పెళ్లాం కౌసల్యది.

ఒక ఏడు నేను యూరియా చల్లిన మర్నాడే వాన దంచికొట్టింది. ఎరువంతా వాగులోకి కొట్టుకుపోయింది. కింద మడుగులో ఆ నీళ్లు తాగి మా బర్రెదూడ సాయంత్రానికి కాళ్లు తన్నుకుని చచ్చిపోయింది. కౌసల్య దాని పక్కనే కూర్చుని ఏడ్చింది. ఆ వానాకాలమే ఎక్కడెక్కడి గడ్డిదుబ్బులో తెచ్చి వాగు వెంబడి నాటింది. చేను మీది నీళ్లు ఆ గడ్డిలో నిదానించి, మన్నూ మందూ చాలావరకు అక్కడే దించేసి వాగులోకి జారతాయి. కౌసల్య రోజూ పొద్దుగూకే దాకా అక్కడే కూర్చునేది. మేకలు మేయకుండా కాపలా కాబోలనుకునేవాణ్ని.

అసలు గొడవ మా కొడుకు ప్రవీణ్ పెళ్లి దగ్గర వచ్చింది. పటాన్‌చెరులో కంపెనీ డ్యూటీ చేస్తూ, సెలవురోజు వ్యవసాయం చేసే పిల్లవాడికి ఈ కాలంలో పిల్లనెవరిస్తారు? వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పోయాయి. చివరికి ముత్తంగి నుంచి సోమేశ్వర్ అనే ఆయన, కూతురు భవ్యశ్రీని వెంటబెట్టుకుని చేను చూడటానికి వస్తానన్నాడు. ఇదీ తప్పిపోతే మావాడు బ్రహ్మచారిగానే మిగిలిపోతాడని నా భయం.

పొద్దున్నే గడ్డి కోసే మిషన్ కిరాయికి తెచ్చాను. చూస్తే ఏముంది, కౌసల్య అప్పటికే గడ్డి నడుమ బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"లెవ్వే! వాళ్లొచ్చే యాళ్లయింది."

"కొయ్యి. ముందుగాల నన్ను కొయ్యి."

"నీ గడ్డి పాడుగాను! కొడుకు పెండ్లి కన్న గిదే ఎక్కువయిందా?"

"పెండ్లీ గావాలె, గడ్డీ ఉండాలె. నువ్వు జెర సల్లబడు."

ఆమెతో వాదించి గెలిచినవాడెవడు? మిషన్ భుజానేసుకుని తిట్టుకుంటూ వచ్చేశాను.

అనుకున్నట్టే అయింది. సోమేశ్వర్ గడ్డి చూడగానే మొహం ముడిచాడు. "ఏందన్నా, గట్టు చెక్కలేదు?" అన్నాడు. భవ్యశ్రీ మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని వాగులోకి దిగింది. ముందురోజు వానకు పక్కవాళ్ల నున్నటి గట్టు కోసుకుపోయి, బురదనీళ్లు వాగులో పడుతున్నాయి. మా గడ్డి కింద నుంచి సన్నటి ధార తేటగా జారుతోంది. ఆ పిల్ల అదీ చూసింది, ఇదీ చూసింది.

"ఆంటీ, గిది మీరే పెట్టిండ్రా?"

"నేనే బిడ్డా."

"మా తాన గిసొంటి వాగే ఉండె. గోదాములు కట్టి పూడ్సిండ్రు."

ఇద్దరూ గట్టు మీద కూర్చుని ఒకటే ముచ్చట్లు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన ప్రవీణ్‌ను పట్టించుకున్నవాళ్లు లేరు, పాపం.

సాయంత్రం సోమేశ్వర్ ఫోన్ చేశాడు. "పిల్ల ఒప్పుకున్నదన్నా. ఒక్క మాట గట్టిగ చెప్పమన్నది. అత్తమ్మ గడ్డి ఎవ్వరు కొయ్యొద్దట."

నేను సంబరంతో కేకేశాను. కౌసల్య కొంగుతో కళ్లొత్తుకుంది.

"గిప్పుడు ఏడుస్తవేందే?"

"నేను పోయినంక దీన్ని ఒక్క పూట ఉంచనియ్యవని నాకెరికే. గా రంది ఇయ్యాల తీరింది."

ఇన్నేళ్లూ ఆమె ఆ గడ్డిని కాపలా కాసింది మేకల నుంచి కాదు, నా నుంచి.