సున్నాకి సంతకం పెట్టని మనిషి

ఆఫీసులో ఆమెను అందరూ మొండక్క అంటారు. ఒక కాలు కుర్చీలో మడిచి, ముడిలో పెన్సిలు గుచ్చుకుని, తెరమీది ప్రతి వరుసనూ పెదవులు కదుపుతూ చదువుతుంది. పసిపిల్లల వార్డుల్లో మందు ఎక్కించే పంపుకి సి భాషలో ప్రోగ్రాం రాయడం ఆమె పని. నర్సు టైపు చేసిన మోతాదు పంపుకి వట్టి అక్షరాల వరుస. దాన్ని దశాంశ సంఖ్యగా మార్చాలి. పాత కోడులో ఆ పని ‘ఏటాఫ్’ అనే ఫంక్షన్ చేస్తుంది. అర్థం కానిదేదైనా వస్తే అది నోరెత్తదు, సున్నా చేతిలో పెట్టి ఊరుకుంటుంది.

కొత్త పంపును ఆసుపత్రులకి పంపే కాగితం మీద ఆమె సంతకం పెట్టనంది. మేనేజరు ఆమె బల్ల దగ్గరికే వచ్చాడు.

“ఏళ్లుగా నడుస్తున్న కోడే కదమ్మా! కోడిగుడ్డు మీద ఈకలు పీకుతావేం?”

ఆమె లేవలేదు. పంపుకి తగిలించిన కీబోర్డు మీద ‘0.5’లో సున్నాకి బదులు ఇంగ్లీషు ‘ఓ’ కొట్టింది. మోతాదు సున్నా అని పడింది. పచ్చదీపం వెలిగింది. మందు చుక్క కదల్లేదు.

“ఏ నర్సు కొడుతుంది అలా?”

“డ్యూటీ మీద డ్యూటీ చేసిన మనిషెవరైనా కొడతారు సార్. బిడ్డకి మందు అందట్లేదు, దీపమేమో అంతా బాగుందంటోంది. అర్థం కాకపోతే కాలేదని చెప్పాలి. అది చెప్పేదాకా సంతకం పెట్టను. కావాలంటే నన్ను తీసేయండి.”

తీసెయ్యలేదు గానీ, ఆ ఏడు ప్రమోషన్ మాత్రం రాలేదు. చదవడం ఎక్కడ ఆగిపోయిందో చెప్పే వేరే ఫంక్షన్ పెట్టి, ఆమె మళ్లీ అదే తప్పు కొట్టి చూసింది. ఎర్రదీపం వెలిగి, అలారం ఆఫీసంతా దద్దరిల్లేలా మోగింది.

“చెవులు చిల్లులు పడుతున్నాయి, ఆపు తల్లీ!” అని మేనేజరు గదిలోంచి కేకేశాడు.

“ఇంకాసేపు మొత్తుకోనివ్వండి సార్,” అందామె, చేతులు కట్టుకుని.