మా నాన్న ఆలస్యంగా తొక్కిన గుమ్మం

నా చిన్నప్పుడు మా కొండమీది ఊళ్లో ఉన్న కొద్ది ఇళ్లలో సగం యేసయ్యను నమ్ముకున్నవాళ్లవి, మిగతా సగం కొండదేవతను కొలిచేవాళ్లవి. ఊళ్లో అందరికంటే ముందు బాప్తిస్మం తీసుకున్నది మా నాన్న. పాస్టరుగారు పెదబయలు నుంచి ఎప్పుడో ఒకసారి కొండెక్కి వచ్చేవారు. మిగతా ఆదివారాలు రేకుల చర్చిలో ప్రార్థన మా నాన్నే చేసేవాడు. గొంతు పెద్దది, ప్రార్థన పొడుగు. మా ఇంట్లోకి కల్లు రాలేదనీ, మా పొయ్యి మీదికి బలిమాంసం ఎక్కలేదనీ దేవుడికి గట్టిగా స్తోత్రాలు చెప్పేవాడు. ఆ మాటలు వచ్చినప్పుడు మా అమ్మ తల ఇంకా కిందికి దించుకునేది.

ఎందుకంటే ఆ మాటలు మా చిన్నాన్నను ఉద్దేశించినవని ఊరంతటికీ తెలుసు. చిన్నాన్న మా నాన్నకు సొంత తమ్ముడు, దేవత పక్షాన ఉండిపోయినవాడు. ఒక ఏడాది కొండదేవతకు చేసే ఇటుకల పండక్కి అడ్డాకుల్లో బలిమాంసం పొట్లం కట్టుకుని అన్న వాటా అని తెచ్చాడు. మా నాన్న ఆ పొట్లాన్ని అందరూ చూస్తుండగా వాకిట్లోకి విసిరేసి, మళ్లీ నా గుమ్మం తొక్కకు అన్నాడు. చిన్నాన్న మట్టిలో పడ్డ ముక్కలు ఏరుకుని ఆకులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు. మా అమ్మ మాత్రం నాన్న పొలంలో ఉన్నప్పుడు చిన్నాన్న పిల్లల్ని పిలిచి చోడి అంబలి పోసేది.

ఆ వానాకాలం మా అమ్మకు నెలలు నిండాయి. తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయి. పొద్దెక్కినా కాన్పు కాలేదు, బిడ్డ అడ్డం తిరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే కర్రకు డోలీ కట్టి, గెడ్డ వాగు దాటించి, కొండ దింపాలి. మోయగలిగిన మా చర్చి మగవాళ్లంతా ప్రార్థన కూటాలకని పెదబయలు వెళ్లారు. ఊళ్లో మిగిలిన మగవాళ్లు చిన్నాన్న పక్షం వాళ్లు. చిన్నాన్న ఇల్లు మా ఇంటికి కేకేస్తే వినపడేంత దూరం.

మా నాయనమ్మ లోపలికీ బయటికీ తిరుగుతూ చివరికి మా నాన్న ఎదుట నిలబడింది.

"ఒరే, దాని ఒళ్లు సల్లబడతంది. బేగెళ్లి నీ తమ్ముడ్ని పిల్రా."

"మనోళ్లు వచ్చేత్తారమ్మా. దేవుడు సూసుకుంటాడు."

"గెడ్డ పొంగతంటే ఏటొత్తార్రా ఆళ్లు?"

మా నాన్న వెళ్లి మూల మోకాళ్లూనాడు. బయట వాన, లోపల మా అమ్మ మూలుగు, వాటి మీదుగా మా నాన్న ప్రార్థన. నేను గుంజ పట్టుకుని నిలబడి, నాన్న లేస్తాడేమో అని చూస్తూ ఉన్నాను. మధ్యాహ్నం దాటాక అమ్మ మూలుగు కూడా ఆగిపోయింది. అప్పుడు లేచాడు. వానలో పరుగెత్తి చిన్నాన్న గుమ్మంలోకి వెళ్లి, అక్కడ తమ్ముడి కాళ్ల మీద పడ్డాడు. నేను వెనకే పరుగెత్తాను.

చిన్నాన్న భుజాలు పట్టి లేపేశాడు. "లెగన్నా, లెగు. దండాలు తర్వాత. ఒదిన్ని ఎత్తనీ ముందు."

కాసేపట్లోనే డోలీ సిద్ధమైంది. అమ్మను అందులో పడుకోబెట్టి నలుగురు ఎత్తుకున్నారు, కర్ర ముందు కొస చిన్నాన్న భుజం మీద. నాన్న వెనకాల నడిచాడు. గెడ్డ దాకా నేనూ నాయనమ్మా వెళ్లాం. ఛాతీ లోతు ఎర్రనీళ్లు. కర్రను తల మీదికి ఎత్తి పట్టుకుని, ఒకరినొకరు అరుస్తూ పిలుచుకుంటూ అవతలి గట్టెక్కారు. హమ్మయ్య అనుకున్నాను. వాళ్లు కాఫీ తోట మొదట్లో ఆగారు. డోలీ దించారు. చిన్నాన్న వంగి చూశాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. నా చెయ్యి పట్టుకున్న నాయనమ్మ అక్కడే బురదలో కూలబడింది. కొంతసేపటికి డోలీ మళ్లీ లేచి మా వైపు తిరిగింది.

బిడ్డ కూడా దక్కలేదు. మర్నాడు సమాధి దగ్గర, కూటాల నుంచి తిరిగొచ్చినవాళ్లు మా నాన్నను ప్రార్థన చెయ్యమన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎవరో ఓదార్పుగా ఇది దేవుని చిత్తం అన్నారు.

"దేవుడి మీదికి తొయ్యకండి," అన్నాడు మా నాన్న. "ఇది నా పొగరు."

ఆ తరువాత చర్చిలో చెప్పులు విడిచే చోట కూర్చునేవాడు. పాట ఎత్తమన్నా ఎత్తేవాడు కాదు. ఈయన ఎంత తగ్గింపు, వినయం ఉన్న మనిషో అని కొత్తగా వచ్చినవాళ్లు మెచ్చుకుంటే ఆయన మొహం చెంపదెబ్బ తిన్నట్టు అయిపోయేది. చిన్నాన్న ఏనాడూ ఎత్తిపొడవలేదు. మా ఇంటికి కట్టెలు తెచ్చి వేసి, మమ్మల్ని పలకరించి వెళ్లేవాడు. ఒక్క తిట్టు తిట్టినా మా నాన్నకు కాస్త తేలికయ్యేదేమో.

పెద్దదాన్నయ్యాక ఒకసారి ధైర్యం చేసి, అడిగితే యేసయ్య క్షమిస్తాడు కదా నాన్నా అన్నాను.

"సెమిత్తాడే గుంటా," అన్నాడు. "మీ అమ్మ రాదు గదా."

 నాన్న తేలికపడకుండానే వెళ్లిపోయాడు. దేవుడి ముందు తల వంచడానికి సాటిమనిషి ముందు వంచడం అడ్డమని ఆయన అనుకున్న ఆ ఒక్క పూట, మా ఇంట్లో ఎప్పటికీ తెల్లారని పూట అయింది.

ఇప్పుడు నేను మనవలున్న ముసలిదాన్ని. ప్రార్థనకు కూర్చునే ముందు, ఎవరితో మాట మానేశానో ఒకసారి తలుచుకుంటాను. ఎవరైనా ఉంటే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి పలకరించి వస్తాను. కొందరు మొహం తిప్పుకుంటారు, అయినా వెళ్తాను. వచ్చి మోకాళ్లూనితే నోటికి మొదట అమ్మా అనే వస్తుంది. ప్రభువా అనడానికి ఇప్పటికీ కొంతసేపు పడుతుంది.