మంట వంగిన పక్క

యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో మైదుకూరు డేరా సినిమాలో నేను ఆపరేటర్ని. ఓ మధ్యాహ్నం, రెండు కడ్డీల మధ్య కరెంటు మంటగా వెలిగే కార్బన్ దీపం వెలిగించి చూస్తే వెలుగు తెరకు పక్కగా పడుతోంది. దీపం ఉన్న రేకుపెట్టెకు కరెంటు పారుతోందేమోనని మీటరు తీగ తగిలించాను. ముల్లు కదల్లేదు.

"సున్నా ఉండాది, జరుపప్పా" అన్నాను, తోటి పనివాడు దావీదుతో.

దుమ్ము లేవకుండా నీళ్లు చల్లిన నేలమీద వట్టికాళ్లతో నిలబడి అతను పెట్టె పట్టుకున్నాడు. అప్పుడే డేరాలోకి వచ్చే గాలి తిరిగింది. అప్పటిదాకా రేకుకు అవతలికి వంగి ఉన్న మంట ఇటు వంగి రేకును నాకింది. మంటలోంచే కరెంటు దిగింది. దావీదు పెట్టె పక్కనే పడిపోయాడు.

నేను పరుగెత్తి కరెంటు ఇచ్చే ఇంజను ఆపేలోగా మంట మళ్లీ అటు వంగింది. పెట్టెకు తగిలించే ఉన్న మీటరు ముల్లు సున్నాకే వచ్చింది. దావీదు లేవలేదు.

అతని భార్య మరియమ్మ ఒక్కటే అడిగింది: "మీటరు శానాసార్లు చూసినావా అప్పా, ఒక్కసారేనా?"

ఆమెకు ఈనాటికీ జవాబు చెప్పలేదు. మంట అవతలికి వంగి ఉన్నప్పుడు, ఒక్కసారే చూశాను.